ఇంటి కేకుకు గిట్టుబాటు ధర: బిష్టుపూర్ వంటింటి లెక్క

ఇంట్లో కేకులు చేసి అమ్మేవారిని ‘కేజీ ఎంత?’ అని అడిగితే వెంటనే ఒక అంకె చెబుతారు. ఆ అంకె ఎలా వచ్చిందని అడిగితే మాత్రం సాధారణంగా రెండు సమాధానాలే వినిపిస్తాయి. ‘బజారులో ఇంత ఉంది కదా, దానికంటే కాస్త తగ్గించాను’ అనేది ఒకటి. ‘సామాన్లకు అయినదానికి రెండింతలో మూడింతలో వేశాను’ అనేది రెండోది. ఈ రెండింటిలోనూ పిండి ఉంది, క్రీమ్ ఉంది, డబ్బా ఉంది. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని చక్కెర ముద్దతో ఏనుగు పిల్లను, దాని చెవులను, తొండాన్ని మలచిన మనిషి మాత్రం లేదు.

ఇంటి కేకుకు న్యాయమైన ధర అంటే ఏమిటి, దాన్ని ఎలా కట్టాలి, కొనేవారు దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి అన్నది ఈ వ్యాసం విషయం. ఉదాహరణకు తీసుకున్న ఊరు జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్. ఊరు మారితే అంకెలు మారతాయి, లెక్క కట్టే పద్ధతి మారదు.

బిష్టుపూర్‌నే ఎందుకు తీసుకోవాలి? 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో ఇక్కడ ఉక్కు తయారీ మొదలైంది. ఊరికి జంషెడ్‌పూర్ అనే పేరు 1919లో వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి రైలెక్కి టాటానగర్ స్టేషన్‌లో దిగిన కుటుంబాల మూడో తరం, నాలుగో తరం ఇప్పుడు ఇక్కడ ఉంది. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కదమాలో ఆంధ్ర అసోసియేషన్ ఆ వలసకు గుర్తులు. ఒకే వీధిలో తెలుగు, బెంగాలీ, ఒడియా, మార్వాడీ, గుజరాతీ, పంజాబీ, పార్సీ కుటుంబాలు ఉండే ఊరు ఇది. కాబట్టి ఇంటి కేకు అమ్మే తెలుగు గృహిణికి ఒకరు గుడ్డు లేకుండా కావాలంటారు, ఇంకొకరు పౌండ్లలో అడుగుతారు, మరొకరు దుర్గాపూజ సెలవుల్లోనే కావాలంటారు. పక్కనే మెయిన్ రోడ్డు మీద బేకరీలు, మిఠాయి దుకాణాలు ఉన్నాయి. కొనేవారి చేతిలో పోల్చుకోవడానికి ఎప్పుడూ ఒక ధర సిద్ధంగా ఉంటుంది.

ఇంకో కారణం కూడా ఉంది. పని గంటకు విలువ కట్టడం నేర్చుకున్న ఊరు ఇది. రోజుకు 8 గంటల పనిని 1912లోనే అమలు చేశామని టాటా స్టీల్ తన చరిత్రలో గర్వంగా చెప్పుకుంటుంది. ఆ తర్వాత 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు కూలీ అన్నది. భర్త షిఫ్టు దాటి ఒక గంట ఎక్కువ పనిచేస్తే ఓవర్‌టైమ్ లెక్క అడిగే ఇంట్లోనే, భార్య ఏడు గంటలు నిలబడి చేసిన కేకుకు గంటల లెక్క ఉండదు. అదే ఇల్లు, అదే వంటగది కాబట్టి అది ‘ఎలాగూ చేసే పని’ కింద జమ అయిపోతుంది.

ఎలాగూ చేసే పని ఎంతో కేంద్ర గణాంక శాఖ లెక్కపెట్టింది. 2019 సమయ వినియోగ సర్వేలో, ఇంటి పనుల్లో పాల్గొన్న మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు జీతం లేని ఇంటి పనికి వెచ్చిస్తే, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేకు వచ్చేసరికి అవి 289, 88 అయ్యాయి. ఇద్దరికీ తగ్గింది, తేడా మాత్రం దాదాపు అలాగే ఉంది. ఇంటి కేకుల వ్యాపారం మొదలయ్యేది ఆ దాదాపు ఐదు గంటల తర్వాత. అందువల్ల ఆ గంటలు చవకైనవి కావు. నిజానికి రోజులో మిగిలిన అతి కొద్ది గంటలు అవే.

రైతు లెక్క, కేకు లెక్క

తెలుగు పాఠకుడికి గిట్టుబాటు ధర అనే మాట కొత్త కాదు. వరికి మద్దతు ధర ఎలా కడతారన్న వాదన ఏటా పత్రికల్లో చదువుతూనే ఉంటాం. ఆ వాదనలో వాడే కొలతలే ఇంటి కేకుకు సరిగ్గా సరిపోతాయి.

వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ సాగు ఖర్చును మూడు మెట్లుగా చూస్తుంది. రైతు చేతి నుంచి వాస్తవంగా ఖర్చయ్యేది (విత్తనం, ఎరువు, కూలి, పనిముట్ల అరుగుదల వగైరా) ‘ఎ2’. దానికి కుటుంబసభ్యులు పొలంలో చేసిన పనికి విలువ కట్టి కలిపితే ‘ఎ2 ప్లస్ ఎఫ్ఎల్’. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే ‘సి2’. స్వామినాథన్ అధ్యక్షతన 2004లో ఏర్పడి 2006లో తుది నివేదిక ఇచ్చిన జాతీయ రైతు కమిషన్, సాగు ఖర్చు మీద కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని చెప్పింది. 2018-19 బడ్జెట్‌లో కేంద్రం ఒకటిన్నర రెట్లు అని ప్రకటించింది. అది ఏ ఖర్చు మీద అన్న దగ్గరే గొడవ. రైతు సంఘాలు సి2 మీద అంటాయి, ప్రభుత్వం ఎ2 ప్లస్ ఎఫ్ఎల్ మీద లెక్కిస్తుంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఎంత కొట్లాడుకున్నా, కుటుంబ శ్రమను సున్నా అని ఆ వాదనలో ఎవరూ అనరు. ఇంటి కేకు దగ్గర అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ దాన్ని సున్నా అనుకుంటున్నారు. పొలంలో రైతు భార్య కలుపు తీస్తే దానికి ఒక కూలి రేటు ఉంది. వంటింట్లో ఆమె చక్కెర పూలు చుడితే లేదు.

సరే, లెక్కలోకి వద్దాం. కింద వాడిన రేట్లు పద్ధతిని చూపడానికి తీసుకున్న ఉజ్జాయింపులు. ఎవరికి వారు తమ బిల్లులు చూసుకుని మార్చుకోవచ్చు.

కేజీ చాక్లెట్ కేకు, క్రీమ్ పూత, పైన ఫాండెంట్‌తో చేసిన రెండు మూడు బొమ్మలు. పిల్లల పుట్టినరోజులకు మామూలుగా అడిగేది ఇదే. మైదా 125 గ్రాములకు 6 రూపాయలు, చక్కెర 150 గ్రాములకు 7, కోకో పొడి 30 గ్రాములకు 30, మూడు గుడ్లకు 21, నూనెకు 12, పాలకు 8, బేకింగ్ పౌడర్, సోడా, వెనిలా కలిపి 8. కేకు దిమ్మ ఖర్చు 92 రూపాయలు. విప్పింగ్ క్రీమ్ 350 మిల్లీలీటర్లకు 84, డార్క్ కాంపౌండ్ 80 గ్రాములకు 26, ఫాండెంట్ 100 గ్రాములకు 30, రంగులకు 8. మొత్తం సరుకు 240.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. కానీ కేకు సమంగా రావడానికి పైన కోసేసే పొర, గిన్నెకు అంటుకుపోయిన క్రీమ్, ఆరిపోయి పారేసిన ఫాండెంట్, పగిలిన గుడ్డు కూడా డబ్బు పెట్టి కొన్నవే. వాటికి పదో వంతు, అంటే 24. అట్ట, డబ్బా, రిబ్బను, కొవ్వొత్తి, ప్లాస్టిక్ చాకు కలిపి 80. ఇప్పటికి 344 అయింది.

తర్వాత కంటికి కనబడని ఖర్చు. ఓవెన్, బీటర్, ఫ్రిజ్ వాడకం కలిపి రెండు యూనిట్ల కరెంటు అనుకుంటే, యూనిట్ 7 రూపాయల చొప్పున 14. ఓవెన్ 9,000, బీటర్ 3,000, తిరిగే పీట, నాజిళ్లు, అచ్చులు, గిన్నెలు 6,000, వెరసి 18,000 రూపాయల పనిముట్లు మూడేళ్లు వస్తాయనుకుందాం. ఏడాదికి వంద కేకులు చేస్తే మూడొందల కేకుల మీద పంచాలి. కేకుకు 60. నెలకు ఎనిమిది తొమ్మిది కేకులే చేసేవారికి ఈ 60 రూపాయలు చిన్నదిగా కనబడుతుంది గానీ, ఓవెన్ కాలిపోయిన రోజున ఆ డబ్బు ఎక్కడా కనబడదు. సబ్బు, నీళ్లు, ఫోను, తుడిచే గుడ్డలు, బటర్ పేపర్ వంటివాటికి 22. మొత్తం 96. అంటే ‘ఎ2’ 440 రూపాయలు.

ఇక ‘ఎఫ్ఎల్’. గడియారం దగ్గర పెట్టుకుని లెక్కించాల్సింది ఇదే. ఫోటోలు పంపుకుంటూ డిజైన్ ఖరారు చేసుకోవడం 30 నిమిషాలు. బజారుకు వెళ్లిరావడం 30. పిండి కలిపి కాల్చడం 75. కేకు చల్లారాక పొరలుగా కోసి, క్రీమ్ గిలకొట్టి, నింపి, పేర్చడం 60. ఫాండెంట్ బొమ్మలు 120. చివరి అలంకరణ, పేరు రాయడం 45. గిన్నెలు కడగడం, గట్టు తుడవడం 40. డబ్బాలో పెట్టడం, ఫోటో తీయడం, అప్పగించడం 20. కూడితే 420 నిమిషాలు, ఏడు గంటలు.

గంటకు ఎంత అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవాల్సిన అంకె. ఒక పద్ధతి ఏమిటంటే, రాష్ట్ర ప్రభుత్వం నైపుణ్య కార్మికులకు ప్రకటించే కనీస వేతనాన్ని రోజుకు 8 గంటలతో భాగించి, దాన్ని కింది హద్దుగా పెట్టుకోవడం. ఇంకో పద్ధతి, తమ వీధిలోనే బ్లౌజులు కుట్టేవారు, ఎంబ్రాయిడరీ చేసేవారు, ట్యూషన్ చెప్పేవారు గంటకు ఎంత సంపాదిస్తున్నారో చూసుకోవడం. నాకు రెండో పద్ధతి నచ్చుతుంది. ఎందుకంటే మగ్గం పనికి అడిగినంత ఇచ్చే మనిషే కేకు దగ్గర బేరమాడుతుంది, ఆ సంగతి ఆమెకు గుర్తు చేయొచ్చు. ఉదాహరణకు గంటకు 100 అనుకుంటే శ్రమ విలువ 700.

440, 700 కలిపితే 1,140. దీనిపై 15 శాతం లాభం 171. ధర 1,311, సర్దితే 1,300 రూపాయలు. ఆ 15 శాతం విలాసం కాదు. చివరి నిమిషంలో రద్దయిన ఆర్డరు, దారిలో కూలిన కేకు, పెరిగిన కోకో ధర, కొత్త అచ్చు అన్నీ అందులోంచే రావాలి. రైతుకు అడుగుతున్న 50 శాతాన్ని ఇక్కడా వేస్తే ధర 1,710 అవుతుంది. అంత పలికే డిజైన్లు లేకపోలేదు, రోజువారీ పుట్టినరోజు కేకుకు మాత్రం కష్టం.

ఇప్పుడు ఇదే కేకును ‘బజారు కంటే కాస్త తక్కువకు’ 700కు అమ్మారనుకోండి. 440 పోగా 260 మిగులుతుంది. ఏడు గంటలతో భాగిస్తే గంటకు 37 రూపాయలు. సామాన్లకు మూడింతలు అనే సూత్రం వాడితే ధర 720, మిగులు 280, గంటకు 40. అమ్మిన మనిషి మాత్రం సరుకు 240 అయింది, 720 వచ్చింది, 480 లాభం అనుకుంటుంది. నెల తిరిగేసరికి ఇంత చేశాను, డబ్బంతా ఏమైందని ఆశ్చర్యపోతుంది.

మూడింతల సూత్రం ఎక్కడ తప్పుతుంది

ఈ సూత్రం పూర్తిగా పనికిరానిదేమీ కాదు. హోటళ్లలో, పెద్ద బేకరీల్లో సరుకు ఖర్చును అమ్మకపు ధరలో మూడో వంతు దగ్గర ఉంచాలనే లెక్క చాలాకాలంగా ఉంది. ఒకేసారి ముప్పై కేకులు కాల్చే చోట ఒక్కో కేకు మీద పడే శ్రమ తక్కువ, అదీ ఇంచుమించు సమానం. అందుకే అక్కడ సరుకును బట్టి ధర కడితే సరిపోతుంది. ఇంటి కేకులో సరుకుకీ శ్రమకీ సంబంధం ఉండదు. వంద గ్రాముల ఫాండెంట్ 30 రూపాయలు. దాన్ని పరచి కేకు మీద కప్పితే పది నిమిషాలు, అదే ముద్దతో కృష్ణుడి నెమలి పింఛం చేస్తే రెండు గంటలు. సూత్రం ప్రకారం రెండింటి ధరా 90 రూపాయలే.

బొమ్మలు లేని సాదా క్రీమ్ కేకుకు లెక్క వేసి చూడండి. సరుకు 202, వృథా 20, డబ్బా వగైరా 80, కనబడని ఖర్చు 96. మొత్తం 398. బొమ్మల రెండు గంటలు, డిజైన్ చర్చలో పావుగంట, చివరి అలంకరణలో అరగంట తగ్గి, పని నాలుగుంపావు గంటలు అవుతుంది. 425 రూపాయలు. 15 శాతం కలిపితే ధర 946. బేకరీలో సాదా కేకు ఇంతకంటే చవకగా దొరుకుతుంది, కాదనలేం.

అయితే సాదా కేకులో ఒక వెసులుబాటు ఉంది. ఒకే రోజు మూడు ఆర్డర్లు పట్టుకుంటే బజారు పని ఒకసారే, ఓవెన్ వేడెక్కడం ఒకసారే, గిన్నెలు కడగడం ఒకసారే. విడివిడిగా పన్నెండుముప్పావు గంటలు పట్టే పని ఎనిమిది గంటల్లో ముగుస్తుంది అనుకుంటే, కేకుకు శ్రమ 267 రూపాయలకు దిగుతుంది. ధర 765 దగ్గరకు వస్తుంది. బొమ్మల కేకుకు ఈ వెసులుబాటు లేదు. మూడు కేకులకు మూడు ఏనుగులు చేయాల్సిందే, మూడోది కూడా రెండు గంటలే తీసుకుంటుంది.

ఇంటి నుంచి అమ్మేవారికి ఈ తేడా చాలా ముఖ్యం. సాదా కేకుల ధర తగ్గించాలంటే ఆర్డర్లను ఒకే రోజుకు సర్దుకోవాలి. శనివారం మాత్రమే సాదా కేకులు అని చెప్పుకోవచ్చు. అలంకరించిన కేకు ధర తగ్గించాలంటే మాత్రం ఒకటే దారి, అలంకరణ తగ్గించడం. కొనేవారు తమ దగ్గర 900 మాత్రమే ఉందంటే, 1,300 కేకును 900కు ఇవ్వడం కాకుండా, 900కు ఏ కేకు వస్తుందో చెప్పడం సబబు. మూడు బొమ్మల బదులు క్రీమ్ పూలు, మీద పేరు. ఇలా చెప్పగలిగితే బేరం మనిషి మీద నుంచి కేకు మీదకు మారుతుంది.

అందుకే ధరను రెండు ముక్కలుగా చెప్పడం మేలు. కేజీకి ఇంత అన్నది దిమ్మకు, క్రీముకు. అలంకరణకు వేరే. ‘కేజీ ఎంత?’ అన్న ప్రశ్నకు ఒకే అంకె చెప్పిన క్షణాన బొమ్మలన్నీ ఉచితం అయిపోతాయి.

పౌండా, కేజీయా

తూర్పు భారతంలో కేకును పౌండ్లలో అడగడం పాత అలవాటు. పౌండు అంటే 454 గ్రాములు. విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చినవారు కేజీ, అరకేజీ అంటారు. రెండు పౌండ్లు అంటే 907 గ్రాములు, కేజీకి 93 గ్రాములు తక్కువ. కేజీ ధరనే రెండు పౌండ్లకు చెబితే కొనేవారు నష్టపోతారు, రెండు పౌండ్ల ధర చెప్పి కేజీ ఇస్తే అమ్మేవారు నష్టపోతారు. 2009 నాటి తూనికలు, కొలతల చట్టం ప్రకారం అమ్మకంలో చెప్పాల్సింది మెట్రిక్ కొలతే. ధరల పట్టీలో గ్రాములు రాసుకుంటే గొడవ ఉండదు. బొమ్మల బరువు కేకు బరువులో కలుస్తుందా, విడిగానా అన్నది కూడా అక్కడే రాయాలి. ఫాండెంట్ బరువైన పదార్థం. దాన్ని తూకంలో కలిపేస్తే కేజీ కేకులో కేకు ముప్పావు కేజీకి పడిపోతుంది.

గుడ్డు లేని కేకు ఇంకో మెలిక. గుడ్ల స్థానంలో కండెన్స్‌డ్ మిల్కో పెరుగో పడుతుంది, సరుకు ఖర్చు కొద్దిగా పెరుగుతుంది, విఫలమయ్యే అవకాశమూ పెరుగుతుంది. దానికి 50 రూపాయలు ఎక్కువ అడగడంలో తప్పు లేదు. మన ఆహార నిబంధనల ప్రకారం గుడ్డు ఉన్నది మాంసాహార గుర్తు కిందికి వస్తుంది. అందరూ మరిచిపోయే సంగతి జెలటిన్. మార్ష్‌మాలోతో చేసే ఫాండెంట్‌లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మాల నుంచి వచ్చేది. గుడ్డు లేదని చెప్పి అమ్మిన కేకు మీద ఆ ఫాండెంట్ బొమ్మ పెడితే, కొన్న శాకాహార కుటుంబం దృష్టిలో అది మోసమే. ఫాండెంట్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూసి కొనాలి.

చట్టం అడిగేది

ఇంట్లో చేస్తున్నాం కదా, మాకెందుకు రిజిస్ట్రేషన్ అనుకునేవారు ఎక్కువ. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టానికి ఇల్లు మినహాయింపు కాదు. 2011లో వచ్చిన లైసెన్సు నిబంధనలు ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు వ్యాపారం ఉన్నవారిని చిన్న వ్యాపారులుగా గుర్తించి, ఏడాదికి 100 రూపాయల ఫీజుతో రిజిస్ట్రేషన్ పెట్టాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. పద్నాలుగు అంకెల నంబరు వస్తుంది, దాన్ని డబ్బా మీద వేసుకోవాలి. ఏడాదికి వంద కేకులు చేసేవారికి ఆ ఖర్చు కేకుకు ఒక్క రూపాయి. బేరంలో ఈ నంబరు ఇచ్చే బలం దానికంటే చాలా ఎక్కువ.

పన్ను విషయం ధర మీద నేరుగా పనిచేస్తుంది. కేకుల మీద జీఎస్టీ చాలాకాలం 18 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతానికి తగ్గింది. ఒక బేకరీ 18 శాతం పన్నుతో కలిపి 700కు అమ్మిన కేకు అసలు ధర 593. అదే ధర మీద 5 శాతం వేస్తే 623 అవుతుంది. అంటే బేకరీ ఏమీ నష్టపోకుండా 77 రూపాయలు తగ్గించగలదు. జార్ఖండ్‌లో సరుకులు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల వ్యాపారం దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కాబట్టి ఇంటి కేకు మీద పన్ను పడదు. పన్ను లేకపోవడం వల్ల ఇంటివారికి ఉన్న మొగ్గు ఇప్పుడు సగానికి పైగా కరిగిపోయింది. వెన్న మీద పన్ను 12 నుంచి 5కు, చాక్లెట్, కోకో మీద 18 నుంచి 5కు తగ్గడం కొంత ఊరట. రిజిస్ట్రేషన్ లేనివారు సరుకు మీద కట్టిన పన్నును తిరిగి రాబట్టుకోలేరు గనక, ఆ తగ్గింపు వారికి నేరుగా కలిసొస్తుంది. ‘బజారు కంటే తక్కువకు ఇస్తాను’ అనే ధరల పద్ధతి ఎందుకు ప్రమాదమో ఇక్కడ తెలుస్తుంది. బజారు ధర ఢిల్లీలో ఒక సమావేశంతో మారిపోతుంది, వంటింట్లో ఏనుగు బొమ్మకు పట్టే రెండు గంటలు మారవు.

రాష్ట్రం దాటి అమ్మితే వేరే సంగతి. సరుకును ఇంకో రాష్ట్రానికి అమ్మేవారికి ఆ 40 లక్షల మినహాయింపు వర్తించదు. పురూలియాలో ఉన్న చుట్టానికి కేకు అమ్మి పంపడం కాగితం మీద అంతర్రాష్ట్ర వ్యాపారం!

రంగుల గురించి ఒక మాట. 2024లో కర్ణాటక ఆహార భద్రత విభాగం పరీక్షించిన 235 కేకు నమూనాల్లో 12 సురక్షితం కాదని తేలింది. కృత్రిమ రంగులు హద్దు దాటడమే కారణం. ముదురు ఎరుపు, నలుపు క్రీమ్ రావాలంటే రంగు చాలా పడుతుంది. బ్లాక్ ఫారెస్ట్ తెల్లగానే ఉండి మీద చాక్లెట్ తురుము ఉంటే చాలు గానీ, కేకు మొత్తం సూపర్‌హీరో ఎరుపులో ఉండాలని అడిగే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పాలి. మెరుపు పొడుల మీద ‘విషరహితం’ అని ఉంటే తినదగినదని అర్థం కాదు. తినదగిన మెరుపు ఖరీదు, అది ధరలో చేరాలి.

ఎండ, వంతెన, బోనస్

స్థానిక పరిస్థితులను ధరలో చేర్చడం ఎవరూ నేర్పరు. మే నెలలో జంషెడ్‌పూర్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మాంగో వెళ్లాలంటే సువర్ణరేఖ వంతెన మీద, ఆదిత్యపూర్ వెళ్లాలంటే ఖర్కయి వంతెన మీద ట్రాఫిక్‌లో నిలబడాలి. క్రీమ్ కేకు ఆటోలో అరగంట ఇరుక్కుంటే గులాబీలు జారి పక్కకు చేరతాయి. వేసవిలో దూరపు అప్పగింతకు వేరే రుసుము పెట్టడం, లేదా ‘వచ్చి తీసుకెళ్లండి, గుమ్మం దాటాక బాధ్యత మీది’ అని ముందే చెప్పడం రెండూ న్యాయమే. చెప్పకుండా ఊరుకోవడమే ఇద్దరికీ చేటు.

పండుగల లెక్క కూడా ఉంది. టాటా స్టీల్ వార్షిక బోనస్ దుర్గాపూజకు ముందు చేతికొస్తుంది, ఊరంతా బజారులోనే ఉంటుంది. డిసెంబరులో క్రిస్మస్, ఆ వెంటనే కొత్త సంవత్సరం. మన తెలుగువాళ్లకు డిసెంబరు 31 రాత్రి కేకు కోయకపోతే తెల్లవారదు. ఆ రోజుల్లో ధర పెంచడం అత్యాశ అనేవారున్నారు. నేను అలా అనుకోను. ఆ రాత్రి చేసే పని ఎనిమిది గంటలు దాటిన పని. ఫ్యాక్టరీ గేటు లోపల దానికి రెట్టింపు ఇస్తారు.

సగం డబ్బు ముందే తీసుకోవడం మొహమాటంగా ఉంటుందంటారు. 1,300 కేకులో 440 అప్పటికే ఖర్చయి ఉంటుంది. మీద పాప పేరు రాసిన కేకును ఆఖరి నిమిషంలో వద్దంటే ఇంకెవరూ కొనరు. కనీసం ఆ ఖర్చు మేరకైనా బయానా ఉండాలి. టైలరు దగ్గర, కల్యాణ మండపం దగ్గర, వంటవాళ్ల దగ్గర మనం బయానా ఇస్తూనే ఉన్నాం.

వదినగారి డిస్కౌంటు

అన్నిటికంటే కష్టమైన బేరం తెలిసినవారితోనే. రామ మందిరంలో కలిసే పిన్నిగారు, క్వార్టర్ల నాటి నుంచి పరిచయమున్న వదిన, పిల్లాడి స్నేహితుడి అమ్మ. ‘అదేంటి వదినా, మన ఇంట్లో చేసేదే కదా, అంతా?’ అన్న ప్రశ్నకు లెక్కలు చెప్పడం బాగోదు. కొత్తగా మొదలుపెట్టినవారి మొదటి పాతిక ఆర్డర్లు ఇలాంటివారి నుంచే వస్తాయి కాబట్టి, ఆ పాతికకూ పెట్టిన ధరే ఊళ్లో ఆమె ధరగా స్థిరపడిపోతుంది.

దీనికి పనిచేసే పద్ధతి ఒకటి ఉంది. బంధుత్వానికి తగ్గించాలనుకుంటే బిల్లులో అసలు ధర రాసి, తగ్గించింది కింద రాయడం. 1,300, వదినగారికి 200 తగ్గింపు, ఇవ్వాల్సింది 1,100. డబ్బు అంతే వస్తుంది, కానీ వదినగారు ఇంకొకరికి చెప్పేటప్పుడు ‘కేకు 1,300, నాకు తగ్గించింది’ అంటుంది. 1,100 అని మాత్రమే చెప్పి ఉంటే, తర్వాత వచ్చే మనిషి 1,000కి అడుగుతుంది. తగ్గింపు ఎంత వరకు అన్నదానికీ హద్దు పైన వేసిన లెక్కలోనే ఉంది. లాభం 171 వదులుకుంటే బంధుత్వం. అంతకు మించితే తన కూలిలోంచి ఇస్తున్నట్టు. 440 కంటే కిందికి వెళితే డబ్బులిచ్చి మరీ కేకు చేసిపెట్టినట్టు. అసలు బహుమతిగా ఇవ్వాలనుకుంటే పూర్తిగా ఉచితంగా ఇచ్చేయడం మంచిది. అప్పుడది బహుమతి అని ఇద్దరికీ తెలుస్తుంది.

సరదాకు చేసేవారితో పోటీ ఇంకో చిక్కు. ఇంట్లో డబ్బు ఇబ్బంది లేదు, నాకు ఇష్టం కాబట్టి చేస్తున్నాను, సామాన్ల ఖర్చు వస్తే చాలు అనేవారు ప్రతి కాలనీలోనూ ఉంటారు. వారిని తప్పు పట్టలేం. కానీ పక్క వీధిలో అదే కేకుతో పిల్లల ఫీజులు కడుతున్న మనిషి ఉండొచ్చు. 450కి దొరికే బొమ్మల కేకు ఆమె ధరను అత్యాశగా చూపిస్తుంది. 1959లో బొంబాయిలో ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్‌లో పనిచేసేవారికి, వత్తిన అప్పడాలకు ఎవరు వత్తినా ఒకే రేటు ఉండేలా చూసుకున్నారు. ఇళ్లల్లో చెల్లాచెదురుగా జరిగే పనికి ధర నిలబడాలంటే, ఆ పని చేసేవారంతా కనీసం ఒక అంకె దగ్గర కలవాలి. బిష్టుపూర్, కదమా, సోనారిలలో ఇంటి కేకులు చేసేవారు ఓ వాట్సాప్ గ్రూపులో గంట రేటు మాట్లాడుకోవడం పెద్ద పనేమీ కాదు. ఇప్పుడు ఆ గ్రూపుల్లో నాజిళ్లు ఎక్కడ దొరుకుతాయన్న చర్చే ఎక్కువ.

ధరల పట్టీని ఏడాదికి రెండుసార్లు, పూజకు ముందొకసారి, వేసవికి ముందొకసారి తిరగరాస్తే సరిపోతుంది. కోకో, క్రీమ్, గుడ్ల బిల్లులు ఒక కవర్లో వేసి పెట్టుకుంటే ‘ఎ2’ గంటలో తేలుతుంది. గంటల లెక్కకు వంటింటి గోడ మీద క్యాలెండరు చాలు. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం ఆ తేదీ గడిలో రాసుకోవడమే. పది కేకులకు అలా రాస్తే తన సగటు తెలుస్తుంది. ఏ డిజైన్‌కు ‘లేదండీ, అది నేను చేయను’ అని చెప్పాలో కూడా అప్పుడే తెలుస్తుంది.